తెర వెనుక ఏడో ఎక్కం

ప్రతి సర్కారు బడిలో, ప్రతి తరగతిలో, నల్లబల్ల తీసేసి ఆ చోట పవిత్ర సూక్తుల పటం పెట్టాలని విద్యామంత్రిగారు ప్రకటించారు. చదువు ఎప్పుడైనా వస్తుంది, భక్తి మాత్రం ఈ ఆర్థిక సంవత్సరంలోనే రావాలన్నది ఆయన దూరదృష్టి.

అయిదో తరగతి టీచరమ్మ లెక్క చూసుకుంది. ఆమెకున్నది ఒక్క బల్ల, నలభై మంది పిల్లలు. ఎక్కాలు గాలిలో రాయాలా? "నా బల్ల జోలికొస్తే ఊరుకునేది లేదు," అని హెడ్మాస్టరు మొహం మీదే చెప్పింది. ఆయనకి రిటైర్మెంటు ఆరు నెలల్లో ఉంది కాబట్టి కిటికీలోంచి బయటికి చూశాడు.

బల్లకి ఇంకా నూకలున్నాయి. పటాలు రాకముందే ఎవరో కోర్టుకెక్కారు. కేసు తేలేదాకా సూక్తులు పిల్లల కంట పడరాదని కోర్టువారన్నారు. మంత్రిగారు తగ్గుతారా! పటం ఉండాలి, కనబడకూడదు, కాబట్టి తెర కట్టమన్నారు. బడికి తెర వచ్చింది. పటం రాలేదు. టీచరమ్మ ఆ తెరను శుభ్రంగా నల్లబల్ల మీదే కట్టేసింది. పాఠం చెప్పేటప్పుడు పక్కకి లాగేది, వరండాలో బూట్ల చప్పుడైతే మూసేది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"పటం ఉందామ్మా?"

"తెర ఎత్తి చూపించనా సార్?"

"అమ్మో! కోర్టు ధిక్కారం! నన్ను జైలుకి పంపుతావా తల్లీ?" అని తెర పొడవు, వెడల్పు కొలుచుకుని, 'దాపరికం సంతృప్తికరం' అని రాసుకుపోయాడు.

అలా ఏడాది హాయిగా గడిచింది. ఒకరోజు పొద్దున్నే కోర్టులో కేసు కొట్టేశారు, ఇక తెరలు తీసేయొచ్చు. ఆ మధ్యాహ్నం 'పిడుగు' అని అందరూ పిలిచే పిల్ల బల్ల నిండా ఏడో ఎక్కం రాసి, ఏడెనిమిదులు యాభై నాలుగు అని తేల్చింది. టీచరమ్మ డస్టరు అందుకుందో లేదో, బయట సైరన్లు మోగాయి. తెర మూసేసింది.

మంత్రిగారు కెమెరాలతో సహా లోపలికొచ్చారు. "ఈ సూక్తులు నాకు ఉగ్గుపాలతోనే వచ్చాయి. రోజూ ఇవి చదవందే మంచినీళ్లు ముట్టను," అని తెర లాగారు. బల్ల వంక చూశారు. కళ్లు చెమర్చాయి. "ఆహా! ఎంత లోతు! ఒక్క అక్షరం అటూ ఇటూ కదపగలమా?" అన్నారు. వెనకున్న అధికారులందరూ హోదా ప్రకారం కళ్లు తుడుచుకున్నారు.

"అయ్యా, అందులో చిన్న తప్పు..." అంది టీచరమ్మ.

"ష్! సార్ ఏడుస్తున్నారు," అన్నాడు పీఏ.

వారం తిరక్కుండా ఫొటోతో సహా ఉత్తర్వు వచ్చింది. అన్ని తరగతుల్లోనూ నల్లబల్ల మీద అవే అక్షరాలు ఉండాలి. తుడవరాదు, దిద్దరాదు. టీచరమ్మకి బల్ల దక్కింది గానీ రాసుకోవడానికి జానెడు చోటు లేదు. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్క అంకె దిద్దుకోనివ్వండి బాబూ! అది యాభై ఆరు," అని ఇన్‌స్పెక్టర్ని బతిమాలింది.

"మా ఇంట్లో కూడా యాభై ఆరే అంటామమ్మా. కానీ అది ఎవరి నమ్మకం వాళ్లది. బడిలోకి తేకూడదు."

వెనక బెంచీలోంచి పిడుగు లేచింది. "టీచర్, మొన్న పరీక్షలో ఇదే రాస్తే నా మార్కు కొట్టేశారుగా?"

ఇన్‌స్పెక్టరు కంగారుగా తలుపు దగ్గరగా వేశాడు. "ముందు ఆ పిల్ల మార్కు ఆ పిల్లకి ఇచ్చేయండమ్మా. మనోభావాలు దెబ్బతింటాయి."