గేటు పక్కనే పుట్టవలసిన మంట

లోకంల నిప్పు ఎక్కడన్న పుట్టనీ, మా అట్టపెట్టెల ఫ్యాక్టరీల మాత్రం గేటు పక్కనే పుట్టాలె. ఇది కంపెనీ విధానం. నీళ్లొస్తయని రుజువైంది గేటు పక్కనున్న ఒకటో నంబర్ హైడ్రెంట్‌కే గనుక, మంట గూడ బాధ్యత గల పౌరుని లెక్క అక్కడికే వచ్చి అంటుకోవాలెనని మేము ఆశిస్తం. ఇంత ముందుచూపు గల విధానం ఎవరు రాసిన్రని అడుగుతరేమో. మీ దయ, నేనే. పేరు నాగేశ్వర్, హోదా సేఫ్టీ ఆఫీసర్, ఇల్లు సంగారెడ్డి, కొలువు జిన్నారం దిక్కు.

హైడ్రెంట్ అంటే తెల్వనోళ్లకు ఒక మాట. మంటలు లేస్తే గొట్టం తగిలించి నీళ్లు కొట్టెతందుకు భూమిల నుంచి లేచిన ఎర్ర పైపు అది. మా తాన నాలుగున్నయి. వాటి నిర్వహణల ఏ లోపం లేదు. ఇన్‌స్పెక్షన్ అంటే చాలు, ఎర్ర రంగేస్తం. దసరాకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండేసి, ముందట గుమ్మడికాయ కొడ్తం. మిగిలిన దినాల్ల వాటి మీద తువ్వాలలు ఆరేస్తం. (ఈ ఆఖరి పని రూల్స్‌ల లేదు, సిబ్బంది స్వచ్ఛందంగ చేస్తున్నరు.)

ఇగ టెస్టు. ఏటా టెస్టు చేసి సర్టిఫికెట్ ఇచ్చే కాంట్రాక్టర్ వెంకటేశం. వచ్చి, మిర్చి బజ్జీలు తిని, చేతులు తుడుసుకొని ఒకటో నంబర్ తిప్పుతడు. పంపు పక్కనే గనుక నీళ్లు ఆకాశానికి లేస్తయి. గడ్డి తడుస్తది, అందరం చప్పట్లు కొడ్తం, ఫోటో దిగుతం. ఆ ఫోటో మీద మిగిలిన మూడు గూడ పాసైతయి. అన్ని ఒక్క పంపు పిల్లలే గద, పెద్దది బుద్ధిమంతురాలైతే చిన్నయి గూడ గంతేనని మా సిద్ధాంతం.

నాలుగో నంబర్ సంగతి మాత్రం వేరే. అది అట్టల గోదాం గోడకు ఆనుకొని ఉంటది. అక్కడ నీళ్లిడిస్తే సరుకు తడుస్తదని, 'గోదాం పరిసరాలలో ఎట్టి పరిస్థితులలోను నీరు పడరాదు' అని నేనే రూల్ రాసి, లామినేషన్ చేయించి, ఆ హైడ్రెంట్ మెడకే కట్టించిన. (ఎట్టి పరిస్థితులు అన్నదాంట్ల మంట గూడ వస్తదా అని అప్పుడెవ్వరు అడగలే. అడిగే అధికారం ఉన్నోన్ని నేనొక్కన్నే.)

గిట్ల సల్లగ నడుస్తుంటే ప్లాంట్ మేనేజర్ మధుబాబు సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన నాయన గోదావరి దిక్కు నుంచి కొలువుకొచ్చి పటేల్‌గూడల ఇల్లు కట్టిండు. సారు ఇక్కడే పుట్టి పెరిగిండు గనీ, మాట మాత్రం ఇంక గోదావరి దాటలే.

"నాగేశ్వర్ గారూ, మీ రూమ్ విజిటర్లకి కావాలండీ. మీరు గోదాం మీద గదిలోకి మారిపోండి. ఏసీ కూడా పెట్టిస్తాను" అన్నడు.

ఏసీ అనంగనే ఎగిరి గంతేసిన. పైకి పోయినంక సూస్తే, దిగెతందుకు ఒక్కటే ఇనుప మెట్లు, అవి గూడ గోదాం లోపలికే దిగుతయి. కిందంత అట్టలు, గమ్ము డబ్బాలు, ప్లాస్టిక్ సుట్టలు. కిటికీలకెళ్లి తొంగి సూస్తే నాలుగో నంబర్, పెండ్లికొడుకు తీరు నిగనిగలాడుతున్నది. కొలువుల చేరినంక మొదటిసారి నాకో ప్రశ్న పుట్టింది. దీంట్ల నీళ్లొస్తయా?

ఎవ్వరు సూడకుంట దిగిపోయి చక్రం తిప్పిన. తిరగలే. రెండు చేతులేసిన, గోడకు కాలు తన్నిపెట్టి గుంజిన. ఊఁహూఁ. ఏటేటా రంగు మీద రంగు ఏసుడుకు చక్రం, మూత, పైపు అంత ఒక్కటే ముద్దయింది. గోటితోని గీకితే నిరుటి ఎరుపు కింద ముందటేటి ఎరుపు కనబడ్డది. లోపట ఇనుమున్నదో లేదో దేవునికెరుక. నిజం చెప్తున్న, సేఫ్టీ గురించి నేను భయపడుడు గదే మొదలు.

జల్దీ వెంకటేశానికి ఫోన్ కొట్టిన. "అన్నా, నాలుగో నంబర్ టెస్టు చేయాలె."

"ఏంది సార్, పాసైనదానికి మల్ల పరీక్షా? పరేషాన్ చేయకుండ్రి. ఫెయిలైందని రాసియ్యుండ్రి, రిపేర్ చేస్త."

"టెస్టు చేయకుంట ఫెయిలని ఎట్ల రాయాలె?"

"పాస్ గట్లనే రాసినం గద సార్."

ఇగ మధుబాబు సారు దగ్గరికి పోయిన. "అక్కడ నీళ్లు పడకూడదని మీరే రూలు పెట్టారు కదండీ? మినహాయింపు కావాలంటే సేఫ్టీ ఆఫీసర్ పర్మిషన్ తెచ్చుకోండి" అన్నడు.

"సేఫ్టీ ఆఫీసర్ నేనే గద సార్."

"ఇంకేం, తొందరగా పనైపోద్ది."

సేఫ్టీ ఆఫీసర్ గారికి సవినయంగ దరఖాస్తు పెట్టుకున్న. ఆయన చాయ్ తాగుకుంట సానసేపు ఆలోచించిండు. టెస్టు చేస్తే ఫెయిలైతది. ఫెయిలైతే ఇన్నేండ్లు పాసని సంతకం పెట్టిందెవలని అడుగుతరు. పెట్టింది ఆయనే. 'అవసరం కనబడుట లేదు' అని తిరస్కరించిండు. నాకు మస్తు కోపమొచ్చింది గనీ, ఆయన తావుల నేనున్నా గదే చేస్తుంటి.

మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేనని మధుబాబు సారు ముందట మొత్తుకున్న. జాలి గల మనిషి, గేటు పక్కన సెక్యూరిటోళ్ల గదిల నాకు కుర్సీ ఏయించిండు. ఏసీ లేదు. కానీ చెయ్యి సాపితే ఒకటో నంబర్ అందుతది. పొద్దుగాల రాంగనే జెర తిప్పి సూసుకుంట. నీళ్లు కనబడంగనే పానం సల్లబడ్తది.

పై గది ఊకె ఎందుకుండాలెనని, ఏసీ ఇప్పి విజిటర్ల రూముకు పెట్టి, ఆ గదిని ప్యాకింగ్ ఆడోళ్లకు అన్నం తినెతందుకు ఇచ్చిన్రు. ప్రారంభం నాతోనే చేయించిన్రు. మెట్లెక్కి (మోకాళ్లు ఆ ఒక్కనాడు సహకరించినయి) కొబ్బరికాయ కొట్టి, భద్రత మీద రెండు మాటలు చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. గుమ్మడిదల నుంచి పనికొచ్చే ముత్యమ్మ ఒక్కతే కొట్టలే. టిఫిన్ డబ్బా సంకల పెట్టుకొని కిటికీలకెళ్లి కిందికి సూస్తున్నది.

"సారూ, కిందంత అట్టలేనాయె. నిప్పంటుకుంటే గా ఎర్రదాంట్ల నీళ్లొస్తయా?"

అందరు నా మొఖమే సూస్తున్నరు. నాకు ఆడోళ్ల ముందట అబద్ధమాడే అలవాటు లేదు.

"ముత్యమ్మా, అది ఇప్పటిదాక ఒక్క టెస్టుల గూడ ఫెయిల్ కాలే" అన్న.

ఆమె నమ్మింది. కిటికీ పక్కనే కూసొని, డబ్బా ఇప్పి అన్నం కలుపుకున్నది. నేను మోకాళ్ల నొప్పులు మర్సిపోయి జల్దీ జల్దీ మెట్లు దిగిన.