కుట్టిన ఈగది ఏ జాతి?

ఈగ కుట్టినంత మాత్రాన కుట్టినట్టు కాదు. కుట్టిందని కార్యాలయం ఒప్పుకున్నప్పుడే అది కాటు అవుతుంది. ఉత్తర థాయ్‌లాండ్‌లోని మా కొండ జిల్లా పరిపాలన ఈ మహాసూత్రం మీదే నడుస్తోంది.

కరెన్ అనే కొండజాతివాళ్ల గూడెంలో ములేపో అనే నడివయసు ఆవిడకు వాగు ఒడ్డున కాఫీ తోట ఉంది. ఆ ఏడు వాగులోంచి లేచిన నల్ల ఈగలు కోతకొచ్చిన కూలీలను కుట్టి కళ్లు మూతపడేలా వాచగొట్టాయి. కూలీలు బుట్టలు పడేసి వెళ్లిపోయారు. పండంతా చెట్టునే ఎండిపోతుంటే ఆమె కొండ దిగి, కీటక ఫిర్యాదుల విభాగంలో మందు చల్లించమని అర్జీ పెట్టుకుంది.

అధికారి ప్రచక్ అర్జీ చదివి పెదవి విరిచాడు.

"పిన్నిగారూ, ఏ జాతి ఈగో రాయలేదే?"

"నల్లది నాయనా."

"అన్నీ నల్లవే. మన దేశంలో వందకు పైగా జాతులున్నాయి, దేని ఫైలు దానిదే. చూడకుండా మందు కొడితే పక్క ఫైలు ఈగ చచ్చిపోదూ?"

"అయితే కుట్టేముందు పేరడగాలా?"

"అక్కర్లేదు. పట్టుకురండి, చాలు." (మూడు ప్రతుల్లో.)

ములేపో నడుంలోతు నీళ్లలో దిగి రాళ్లకంటుకున్న ఈగ పురుగుపిల్లల్ని గీకింది. తన మోచేతినే ఎరగా చాచి, వాలిన ఈగల్ని గాజుసీసాలో పట్టింది. వారం రోజులు ఆ చెయ్యి మడవలేకపోయింది.

ఆరు నెలలకు కబురొచ్చింది. ఆ ఈగ ప్రపంచంలో మరెక్కడా లేదట! దానికి, జీవితంలో ఒక్కసారీ కొండెక్కని విభాగం డైరెక్టరుగారి పేరు పెట్టారు. వాగును రక్షిత ప్రాంతం చేశారు.

"మరి మందో?" అంది మళ్లీ కొండ దిగి ప్రచక్ దగ్గరికొచ్చిన ములేపో.

"మందేమిటి పిన్నిగారూ! ఇక చేత్తో కొట్టినా నేరమే."

"నా తోట పోయినట్టేగా?"

"తోట పోతేనేం, మీ పేరు రికార్డులో ఉంటుంది. 'సేకరించినవారు' అని గడి ఉంది. మీ పౌరసత్వ సంఖ్య చెప్పండి."

ఆమె కొండవాళ్లకిచ్చే తాత్కాలిక కార్డు తీసింది.

"ఇది చెల్లదే. ఇక్కడే పుట్టినట్టు రుజువుందా?"

"మా అమ్మ కూడా ఆ వాగు పక్కనే పుట్టింది బాబూ. పౌరసత్వానికి అర్జీ పెట్టి ఇరవై రెండేళ్లయింది. విచారణలో ఉందంటున్నారు."

ప్రచక్ నిజంగానే నొచ్చుకున్నాడు. చల్లటి మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. గడి ఖాళీగా వదలకూడదన్నది నియమం.

ఈగ పత్రం మీద 'ఈ కొండకే చెందిన స్థానిక జాతి' అని ముద్ర పడింది. సేకరించినవారి గడిలో ప్రచక్ తన ముత్యాల్లాంటి అక్షరాలతో 'విదేశీయురాలు' అని రాశాడు.