రామదాసు సారు మంచిదన్న పాట

ఎనభై తొమ్మిదో సంవత్సరం, ఎండలు ఇంకా దిగని జూన్ నెలలో ఒక గురువారం. ఆ పొద్దున నారాయణప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. రాగిసంగటి తినాలి, కూతురి కాలేజీ అర్జీ మీద సంతకం పెట్టాలి, మగ్గం గుంతలో దిగి మధ్యాహ్నం దాకా పైకి రాకూడదు. మూడింటిలో మొదటిది మాత్రమే జరిగింది.

ధర్మవరం నేతవీధిలో నారాయణప్పది పేరున్న చెయ్యి. అతను నేసిన పట్టుచీర అంచులో ఒక్క పోగు తప్పు పట్టినవాళ్లు లేరు. చేతికి ఎంత పేరుందో అనుమానానికి అంతకు రెండింతలుంది. పాలవాడు పోసిన పాలు ముందు పిల్లికి పోసి, దాని ముఖం చూసిగాని కాఫీ పెట్టనివ్వడు. కూతురు నాగరత్న పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైందని పేపర్లో నెంబరు చూసినప్పుడు కూడా, అచ్చుతప్పేమోనని ఇంకో రెండు పేపర్లు తెప్పించి చూశాడు. మూడింటిలోనూ అదే నెంబరు ఉండటంతో సంతోషించక తప్పలేదు.

ఆ పిల్లకు అనంతపురంలో ఆడపిల్లల కాలేజీలో చేరాలని కోరిక. అర్జీ అందాల్సిన ఆఖరి రోజు సోమవారం. తండ్రి సంతకం పడితే చదువు, పడకపోతే రాట్నం ముందు కూర్చుని జీవితాంతం కండెలకు పట్టుపోగు చుట్టడం. అందుకే పది రోజులుగా అడక్కముందే నీళ్లు తెస్తోంది, పిలవకముందే పలుకుతోంది. అంత మంచితనం చూసి నారాయణప్పకు లోపల ఒకటే పీకుడు.

చెయ్యి కడుక్కుని కలం తీశాడు. అప్పుడే పక్క గదిలోంచి ఎవడో మగవాడు తిడుతున్నట్టు వినిపించింది. ఊపిరి తీసుకోకుండా, ఇంగ్లీషులో, వెనకాల డప్పు దరువుతో. కలం మూత పెట్టేసి లోపలికి నడిచాడు. టేపురికార్డరు పక్కన నాగరత్న రాట్నం తిప్పుతోంది. తండ్రిని చూడగానే చెయ్యి చాచి సౌండు తగ్గించింది.

"యెవుడమ్మే వాడు? మనింట్లో కూచోని యెవుర్ని తిడతాండాడు?"

"తిట్టేది కాదు నాయనా, పాట. సోమశేఖర్ మామ బెంగుళూరు నుంచి తెచ్చిచ్చినాడు. అమెరికావోళ్లది. ర్యాప్ అంటారంట."

"పాటంటే రాగముండల్ల. ఇది బోరింగు కాడ బిందెల కొట్లాట మాదిరుండాది. ఏం చెప్తాండాడు వాడు?"

"ఊరికే ఏందో... మంచిదే నాయనా."

"మంచిదైతే సౌండు యాటికి తగ్గించినావు?"

నాగరత్న కండె వైపు చూపు తిప్పుకుంది. నారాయణప్పకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. వయసుకొచ్చిన పిల్ల, పరాయి భాష, కనపడని మగాడు. ఇంట్లో ఉండగానే ఇట్లా ఉంటే హాస్టల్లో ఎట్లా ఉంటుందో ఊహించుకోవడానికి అతనికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

మంచం మీదినుంచి అతని తల్లి చౌడమ్మ కలగజేసుకుంది. "రేయ్, పాటలకు పిల్లోళ్లు చెడిపోతారా? నీ పెండ్లిలో బువ్వంబంతి భోజనాల కాడ మీ అత్తమీద నేనందుకున్న పాటలు గుర్తుండాయా?"

"అది శుభకార్యం మా!"

"ఆ శుభకార్యానికే మీ అత్త మూడు దినాలు నాతో మాట్లాడల్యా."

నారాయణప్ప ఆ చర్చ పెంచదలుచుకోలేదు. అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ పాట పెద్దోళ్లకు ఇనిపిస్తా. మంచిదంటే సంతకం, చెడ్డదంటే రాట్నం. ఇదే నా మాట" అన్నాడు. నాగరత్న వద్దనేలోపే టేపురికార్డరు చంకన పెట్టుకుని బయల్దేరాడు.

ఆ వీధిలో ఇంగ్లీషంటూ ఉంటే అది రామదాసు సారు ఇంట్లోనే ఉంది. ముప్పై ఐదేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఇప్పుడు వీధికంతటికీ అర్జీలు రాసిపెడుతున్నాడు. ఆయన ఏం రాశాడో ఎవరికీ తెలియదు గాని, అక్షరాలు మాత్రం ముత్యాలు. ఈ ముప్పై ఐదేళ్లలో ఆయన నోటి వెంట రాని మాట ఒకటే ఉంది, "నాకు తెలీదు" అన్నది.

సారు కళ్లు మూసుకుని పాట మొత్తం విన్నాడు. మధ్యలో రెండుసార్లు తల ఊపాడు. ఒకసారి వేలు పైకెత్తి, తర్వాత ఏం చేయాలో తోచక దించేశాడు.

"ఇది నీతిబోధ నారాయణప్పా. మన హరికథ లేదా, అట్లాంటిదే. కథ చెప్పేటోడు ముందర, తాళం ఎనకాల."

"మరంత కోపమేంది సారూ?"

"చెడ్డోళ్లను చూసి కోపం. నీతి చెప్పేటోనికి కోపముండదా?"

"ఇంకోతూరి ఇనండి సారూ. ఎందుకైనా మంచిది."

"నన్నే అనుమానిస్తాండావా?" అని సారు ఉత్తరీయం దులిపాడు. నారాయణప్ప లెంపలేసుకున్నాడు.

చేనేత సంఘం కార్యదర్శి కేశవులు ఆ సమయానికి అరుగు మీదే ఉన్నాడు. సంఘంవాళ్లు కట్టిన చదువుల గదిని ఆదివారం తెరవబోతున్నారు. దానికి స్వాగతపత్రం రాయించుకోవడానికి వచ్చాడు. పాట వింటున్నంతసేపూ అతని కాలు దానంతటదే నేలను కొడుతూ ఉంది.

"అన్నా, ఈ క్యాసెట్టు మాకియ్యి. ఆదివారం వస్తాండేది అనంతపురం కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సుమిత్రమ్మ మేడం. ఆ యమ్మకు ఇంగ్లీషులో ఒక ఐటం పెట్టాలని తల పగలగొట్టుకుంటాండాం. మన పిలగాండ్ల కోలాటానికి ఈ తాళం అతికినట్టుండాది."

నారాయణప్ప ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తన ఇంటి పాట, ఇంగ్లీషు హరికథ, వేదిక మీద! అయినా సంతకం మాత్రం పెట్టలేదు. కూతురు చేరాలనుకుంటున్న కాలేజీ మేడమే వస్తోంది కదా, ఆమె కూడా విని బాగుందంటే అప్పుడు అక్కడికక్కడే పెడదామనుకున్నాడు.

ఇంటికొచ్చి ఈ శుభవార్త చెబితే నాగరత్న చేతిలోని కండె కిందపడింది.

"వద్దు నాయనా. ఆ పాట కోలాటానికి వద్దు."

"పొద్దున మంచిదన్నావే?"

"ఇంట్లో ఇనేదానికి... మేడం ముందర వద్దు నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా."

పొద్దున మంచిదంటే అతనికి చెడ్డదేమో అనిపించింది. ఇప్పుడు వద్దంటుంటే తప్పకుండా మంచిదే అయి ఉంటుందనిపించింది. పదిమంది చేతుల్లో పడితే టేపు అరిగిపోతుందని ఈ పిల్ల పిసినారితనం చూపిస్తోందని తేల్చుకున్నాడు. సాయంత్రం చూస్తే నాగరత్న అవ్వ చెవిలో ఏదో గుసగుసలాడుతోంది. చౌడమ్మ పకపకా నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపి, "పిలగాండ్ల చేత మాత్రం వద్దమ్మే" అంది. ఆ మాట విని ఇద్దరూ కలిసి క్యాసెట్టు మాయం చేయబోతున్నారని నారాయణప్ప నిర్ధారించుకున్నాడు. అప్పటినుంచి, సాధనకు టేపులో వేసేటప్పుడు తప్ప, దాన్ని పంచె మడతలోనే పెట్టుకుని తిరిగాడు. స్నానానికి వెళ్లినప్పుడు కూడా తలుపు సందులోంచి కనపడేట్టు మేకుకు తగిలించుకున్నాడు.

శుక్ర, శనివారాలు సంఘం ఆవరణలో కోలాటం సాధన జరిగింది. ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలు ఇరవైమంది. పాటలో మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి వాళ్లకు రెండు గంటల్లో కంఠతా వచ్చేసింది. నోరు తిరగని చోట గొంతు పెంచారు. కేశవులు మురిసిపోయి ఆ పల్లవి దగ్గర టేపు సౌండు తగ్గించి, పిల్లల గొంతులు మైకులో పెద్దగా వినిపించేట్టు ఏర్పాటు చేశాడు.

ఆదివారం షామియానా కింద వీధి వీధంతా చేరింది. సుమిత్రమ్మ మేడం నెమ్మదైన మనిషి. రిబ్బను కత్తిరించింది, గదిలో పుస్తకాలు ఒక్కొక్కటి చేత్తో తాకి చూసింది, వచ్చి వేదిక మీద కూర్చుంది. పక్కన రామదాసు సారు. టేపు మొదలైంది. కోలలు టకటకా తగిలాయి. మేడం నవ్వుతూ మొదటి నాలుగు మాటలు వింది. అయిదో మాటకు నవ్వు అలాగే ఉండిపోయి కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. చేతిలోని మంచినీళ్ల గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"నీతిబోధ మేడం" అన్నాడు సారు వినయంగా.

ఆమె ఆయన వైపు చూసిన చూపు నారాయణప్పకు కింది నుంచి కూడా స్పష్టంగా కనపడింది. మెచ్చుకోలు చూపు కాదది. ఏదో తేడా ఉందని అతని ఒళ్లంతా చెబుతోంది. అంతలో పల్లవి వచ్చింది. ఇరవైమంది చిన్నపిల్లలు పళ్లూడిన నోళ్లతో ఆ పల్లవిని మైకులో గొంతెత్తి పాడారు. మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. గౌరవంగా లేచిందనుకుని వీధి మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు ఉత్సాహం వచ్చి పిల్లలు అదే పల్లవిని మళ్లీ ఎత్తుకున్నారు.

ఉన్నట్టుండి మైకు చచ్చిపోయింది. వేదిక పక్కన నాగరత్న నిలబడి ఉంది, చేతిలో పీకేసిన వైరుతో.

"ఏం పనే ఇది?" అని నారాయణప్ప అరిచాడు. "నలుగుర్లో నా పరువు తీస్తాండావా?"

"ఆ పాట మంచిది కాదు నాయనా. పిల్లోళ్లు పాడే పాట కాదు. అంతా బూతులే."

రామదాసు సారుకు కోపం వచ్చింది. "నాకంటే నీకెక్కువ తెల్సునా?"

"తెలుసండీ" అంది సుమిత్రమ్మ మేడం, గ్లాసు బల్ల మీద పెడుతూ. "ఈ అమ్మాయికి తెలుసు. మీకే తెలియదు." నాగరత్నను దగ్గరికి పిలిచింది. "నీకెట్లా అర్థమైందమ్మా ఇది? అంత తొందరగా పాడతాండారే?"

"బడిలో ఇచ్చిన డిక్షనరీ పెట్టుకోని నలభైసార్లు ఇన్యా మేడం. సగం మాటలు డిక్షనరీలో లేవు."

"మరి వాటినేం చేసినావు?"

"మా మామనడిగినా. ఆ యప్ప మొగం ఎర్రగా చేసుకోని, చెప్పులేసుకోని బెంగుళూరు బస్సెక్కినాడు. అప్పుడర్థమైంది."

మేడం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. జనంలోంచి చౌడమ్మ అందుకుంది. "నాకూ చెప్పిందిలేమ్మా. మా పెండ్లిపాటల ముందర అదేం లెక్క! కానీ మేము పెద్దోళ్లకు పాడినాం. ఇట్లా పిల్లోళ్ల చేతికి కోలలిచ్చి మైకు పెట్టించల్యా."

దొరికిపోయిన రామదాసు సారుకు ఒకే ఒక్క దారి కనపడింది. "నారాయణప్పా, పాట చెడ్డదంటే కాలేజీ లేదన్నావంట గదా. నీ కూతురే చెడ్డదని చెప్పింది. మాటంటే మాటే" అన్నాడు.

నాగరత్న తల వంచుకుంది. నారాయణప్ప జేబులోని అర్జీని తడుముకున్నాడు.

"నోరు మూసుకోనింటే నీకు సంతకం దక్కునే" అన్నాడు మెల్లగా. "తెల్సీ యాటికి వైరు పీకినావమ్మే?"

"చిన్నపిల్లోళ్లు నాయనా. వాళ్ల నోట్లో ఆ మాటలు ఇనలేకపోయినా."

మూడు రోజులుగా నారాయణప్ప క్యాసెట్టును దొంగ చేతిలో పడకుండా కాపాడానని అనుకున్నాడు. కాపాడాల్సింది పిల్లల్ని, ఆ పని చేసింది తన కూతురు. అదీ తన చదువు పోతుందని తెలిసి. ఆ పిల్లను అనుమానించినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఆ ఆలోచన వెంటే, అలవాటు కొద్దీ, ఇంకో ఆలోచన వచ్చింది. రామదాసు సారు వైపు తిరిగాడు.

"సారూ, ఇన్నేండ్లుగా మా అర్జీలల్లో ఏం రాస్తాండావు?"

వీధిలోని ప్రతి తలా ఒక్కసారిగా సారు వైపు తిరిగింది. నీళ్ల ట్యాంకరు అర్జీ, కరువు పనుల అర్జీ, మూడేళ్లుగా జవాబు రాని కరెంటు స్తంభం అర్జీ, ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి గుర్తుకొస్తున్నాయి. సారు ఉత్తరీయం తీసి ముఖం తుడుచుకున్నాడు.

నారాయణప్ప వేదికెక్కి మేడం ముందు అర్జీ పరిచాడు. "మమ్మల్ని యెవుడన్నా తిడతాండాడా పొగడతాండాడా అని చెప్పేదానికి ఈ వీధి మొత్తానికి ఒక్క మనిషే ఉండాదమ్మా. ఆ మనిషిని రాట్నం కాడ కూచోబెడితే, రేపు మా మొగం మీదనే తిడతారు, మేము కోలాటమాడతాం" అన్నాడు. జేబులోని కలం తీసి, అందరూ చూస్తుండగా సంతకం పెట్టాడు. నాగరత్న ఏడుస్తూనే, సిరా ఆరేదాకా ఆ కాగితం మీద చేత్తో గాలి విసిరింది.

ఆ రోజు నుంచి నారాయణప్ప కూతురిని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఆ అనుమానమంతా ఇప్పుడు రామదాసు సారుకే సరిపోతోంది.