ప్లైవుడ్ గడప

మా ఊళ్లో అంటరానితనం లేదు. పోయిన ఫిబ్రవరి నుంచి ఈ విషయం అధికారికం. పావగడలో ఒక కాలేజీవాళ్లు ఇచ్చిన ఫలకం మా ఇంట్లో టీవీ పక్కనే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. లోపలికి రాలేనివాళ్లకు కిటికీలోంచి కూడా బాగానే కనిపిస్తుంది.

నా పేరు మల్లేశప్ప. నిడుగల్లు కొండకు ఎదురుగా ఉన్న ఊళ్లలో మాదొకటి. మా నాయన గొర్రెలు కాచాడు. నేను గొర్రెలు కాస్తూ వేరుశనగ కూడా వేశాను. వాన రాని ఏళ్లలో ఇద్దరం ఆకాశం చూశాం. తర్వాత సోలార్ పార్కు వచ్చింది. పొలం కౌలుకిచ్చాను, ఆకాశం చూసే పని ఇప్పుడు అద్దాలు చేస్తున్నాయి. కంచె లోపలికి గొర్రెకు ప్రవేశం లేదు కనుక మంద అమ్మేశాను. పనిలేనివాడు మాట్లాడటం మొదలుపెడితే ఊరు భరించలేదు. నేను మొదటినుంచీ మాట్లాడే రకం కాదు కాబట్టి నన్ను పెద్దమనిషిని చేశారు.

మేము గొర్రెలు కాచినంతకాలం మమ్మల్ని ఎవరూ సంస్కృతి అనలేదు. గొర్రెలు పోయాక అన్నారు.

అన్నది నేత్రావతి మేడం. కాలేజీలో సాంస్కృతిక సమితికి అధ్యక్షురాలు. ‘బహుసంస్కృతి కళాసంగమం మరియు సామాజిక న్యాయ దినోత్సవం’ అనే కార్యక్రమం జరగబోతోందని, అందులో గొర్రెలకాపరుల సంస్కృతి తరఫున మా కోలాటం బృందం ఆడాలని, మీ మూలాలను పోగొట్టుకోవద్దని చెప్పింది. నేను మా మూలాలను మందగా కొనుక్కుపోయిన మడకశిర వ్యాపారిని తలుచుకున్నాను. ప్రతి ప్రదర్శనలోనూ సామాజిక న్యాయం ఉండాలట. మా దగ్గర నిల్వ లేదన్నాను. ఫరవాలేదు, రాసి పెట్టుకొచ్చామంది.

రాసింది అక్షత. ఆ కాలేజీలోనే బీఏ చివరి సంవత్సరం. మా ఊరి కాలనీలో ఉండే చిన్నరంగప్ప కూతురు. చిన్నరంగప్ప తప్పెట కొట్టనిదే మా ఊళ్లో జాతర మొదలుకాదు, శవం లేవదు, మా కోలాటంలో అడుగు పడదు. అంతటి మనిషి కనుకనే మా ఇంటి ముందర ఆయనకంటూ ప్రత్యేకంగా ఒక బండ ఉంది. ఎప్పుడొచ్చినా దానిమీదే కూర్చుంటాడు. ఆ బండను ఇంకొకరు వాడరు. అంత గౌరవం.

నాటిక చిన్నది. తప్పెట కళాకారుడు ఊరిపెద్ద ఇంటికి వస్తాడు. పెద్ద ఆయన చెయ్యి పట్టుకుని గడప దాటిస్తాడు, పక్కన కూర్చోబెట్టుకుంటాడు, ఇద్దరూ ఒకే చోట సంగటి తింటారు. ఆ తర్వాత కోలాటం. పెద్ద వేషం నాకు, కళాకారుడి వేషం చిన్నరంగప్పకు. ఎవరి వేషం వారికే కాబట్టి మేకప్ ఖర్చు లేదు.

మేడం కారెక్కిన తర్వాత అక్షత నా దగ్గరికి వచ్చింది. వాళ్ల నాయన నన్ను అన్నా అంటాడు కాబట్టి ఆ పిల్ల పెద్దప్పా అంటుంది.

“పెద్దప్పా, రిహార్సలు మీ ఇంట్లోనే పెట్టుకుందాం. మా నాయన ఒగసారన్నా మీ ఇంట్లో కూసోవాల. ఈ నాటకం రాసింది దానికే. కాలేజీకి కాదు.”

నేను తలూపాను. నాకు బాగా వచ్చిన పని అది. ఎటు ఊపానో ఎవరికీ తెలియదు.

రిహార్సళ్లు ఎంతో క్రమశిక్షణతో జరిగాయి. చిన్నరంగప్ప తప్పెట కొట్టుకుంటూ బండ దాకా వచ్చి ఆగేవాడు. నేను గడప లోపల నిలబడి చెయ్యి చాపేవాణ్ని.

“లోపలికి వచ్చినట్టే అనుకోన్నా,” అనేవాడు.

“కూసున్నట్టే అనుకో రంగప్పా,” అనేవాణ్ని.

“తిన్నట్టే అనుకోన్నా.”

వంటింట్లోంచి నా భార్య నల్లమ్మ కేకేసేది: “చేతులు కడుక్కున్నట్టే అనుకోని ఇంగ లేయండప్పా, గొడ్లకు నీళ్లు పెట్టల్ల!”

ఒకరోజు అక్షత ఆగలేకపోయింది. “అనుకునేదేంది పెద్దప్పా? రెండడుగులేస్తే సరిపాయె గదా!”

“స్టేజీ మీద దాటేది ఉండనే ఉండాది గదమ్మా,” అన్నాను. “ఈడే దాటి అరగదీస్తే ఆడికేం మిగుల్తాది?”

“ఊరుకో పాపా,” అన్నాడు చిన్నరంగప్ప. “అన్న చెప్పేదీ నిజమే.”

అన్న చెప్పేది నిజం కాని రోజు ఆయన జీవితంలో ఇంతవరకు లేదు.

టీ సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు చిన్నరంగప్ప గ్లాసు మా ఇంటి చూరులో వేరుగా ఉండేది. ఆ అనాగరిక పద్ధతి ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఆయనకు ప్రతిసారీ కొత్త పేపరు కప్పు. మేము మాత్రం నోరుపెట్టి తాగిన పాత స్టీలు గ్లాసుల్లోనే తాగుతున్నాం.

కార్యక్రమం రోజు రానే వచ్చింది. కాలేజీ మైదానంలో సంస్కృతులన్నీ కొలువుదీరాయి. సోలార్ పార్కులో తీగలు లాగే బిహారు కూలీలను తలపాగాలు చుట్టి బిహారు సంస్కృతిగా కూర్చోబెట్టారు. ఆ పూట కూలి పోయిందని వాళ్లు బాధపడుతుంటే పిల్లలు వాళ్లతో ఫోటోలు దిగారు. పక్కన లంబాణీల అద్దాల లంగాలు, ఆ పక్కన ఉర్దూ కవిత్వం, చివర గొంగడి కప్పుకుని నేను. మంద పోయినా గొంగడి మిగిలింది. సంస్కృతులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో బల్ల వేసి, మధ్యలో తాళ్లు కట్టారు.

ప్రిన్సిపాల్ గోపికృష్ణ గారు మాట్లాడారు. “పావగడ సూర్యుడు ఏ ఇంటి మీద పడాలో కులం అడగడు! ఈ నేల మీద ఈనాడు కరెంటు ఒక్కటే కాదు, సమానత్వం కూడా ఉత్పత్తి అవుతున్నది!” అన్నారు. అంతలో కరెంటు పోయింది. జనరేటరు వేసి సమానత్వాన్ని కొనసాగించారు.

మా వంతు వచ్చింది. కాలేజీ హాల్లో వేదిక మీద ప్లైవుడ్ తలుపు, దానికి ప్లైవుడ్ గడప. గడపకు పసుపు పూసి బొట్లు కూడా పెట్టారు. చిన్నరంగప్ప తప్పెట కొట్టుకుంటూ వచ్చాడు. ఆయన కొడితే ఆ హాలు గోడలు గుండెల్లా అదిరాయి. గడప ముందర ఆగాడు. నేను లోపల నిలబడి చెయ్యి చాపాను.

ఆయన కాలెత్తాడు. గడప వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎత్తిన కాలు ఎత్తిన చోటే దించాడు.

“లోపలికి వచ్చినట్టే అనుకోన్నా.”

అన్ని రోజుల సాధన ఊరికే పోతుందా? నా నోట్లోంచి కూడా తడుముకోకుండా వచ్చింది: “కూసున్నట్టే అనుకో రంగప్పా.”

“తిన్నట్టే అనుకోన్నా.”

తెర పక్కన అక్షత నిలబడి ఉంది. నేను అటు చూడలేదు. కోలాటం ఆడేశాం.

ఆ తర్వాత మోగినన్ని చప్పట్లు నేను ఏ జాతరలోనూ వినలేదు. బెంగళూరు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ధనంజయ గారు కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నారు. “గడప దాటకపోవడం ద్వారా గడపనే దాటేసిన ప్రదర్శన ఇది! దాటి ఉంటే ఇది మామూలు నాటకం అయ్యేది. ఇంతటి సంయమనం ఈ గ్రామీణ కళాకారులు ఎక్కడ నేర్చుకున్నారు?” అని నన్నే అడిగారు.

“మా ఊళ్లోనే,” అన్నాను.

దానికి ఇంకా పెద్ద చప్పట్లు. మొదటి బహుమతి మాదే.

తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో అక్షత అడిగింది. “అది ప్లైవుడ్డే గదా నాయనా. ఏల నిలబడితివి?”

“కాలు రాలేదు పాపా,” అన్నాడు చిన్నరంగప్ప. “అన్న ఎదురుగా ఉన్న్యాడు. కాలు రాలేదు.”

పిల్ల నా వైపు తిరిగింది. “నువ్వు చెయ్యి పట్టి లాగింటే వచ్చేటోడు పెద్దప్పా. చెయ్యి చాపినావు గానీ పట్టుకోలేదు.”

నేను చెయ్యి చాపినమాట నిజం. అందకుండా ఎంత చాపాలో రిహార్సళ్లలో బాగా కుదిరింది.

ఫలకం పెద్దమనిషి ఇంట్లో ఉండటం మర్యాద కనుక మా ఇంటికి వచ్చింది. దానిమీద చిన్నరంగప్ప పేరు కూడా చెక్కారు. ఆ విధంగా ఆయన పేరు మా ఇంట్లోకి వచ్చింది. మనిషి కంటే పేరు గొప్పదని పెద్ద పెద్దవాళ్లే అంటారు. నేత్రావతి మేడం ఫోను చేసి, తుమకూరులో ఆడాలని, గడప సన్నివేశాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చవద్దని కోరింది.

ఆ ఆదివారం తండ్రీకూతుళ్లు వచ్చారు. చిన్నరంగప్ప బండ మీద కూర్చున్నాడు. నల్లమ్మ పేపరు కప్పులో టీ తెచ్చి పెట్టింది. అక్షత నిలబడే ఉంది.

“పెద్దప్పా, మా నాయన ఫలకం చూడాలంటాండాడు. లోపలికి పిల్చు. ఈడ చూసేటోళ్లు ఎవరూ లేరు, చప్పట్లూ లేవు.”

నాకు అభ్యంతరం లేదు. నేనెప్పుడూ అభ్యంతరం చెప్పినవాణ్ని కాదు. కానీ కళ అనేది ఒకటుంది కదా.

“ఒగసారి లోపలికొస్తే కాలికి అలవాటైపోతాది తల్లీ,” అన్నాను. “రేపు తుమకూరులో ఆగమంటే ఆగల్ల గదా.”

అక్షత ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వాళ్ల నాయన పక్కన ఉన్న తప్పెట తీసి తన భుజానికి తగిలించుకుంది.

“అయితే తప్పెట కొట్టినట్టే అనుకో పెద్దప్పా,” అంది. “పా నాయనా.”

చిన్నరంగప్ప నా వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఈసారి కాలు వచ్చింది. బండ మీంచి లేచి వెళ్లిపోయాడు. ఎప్పుడూ అనే “పోయొస్తాన్నా” అనలేదు. కప్పులో టీ కప్పులోనే ఉండిపోయింది.

తుమకూరులో తప్పెట లేకుండానే ఆడాం. కొట్టినట్టే అనుకున్నాం. అడుగులు ఒకరివి ఒకరికి అందక, కోలలు వేళ్లకు తగిలి, ఎవరి తాళం వారిదైపోయింది. న్యాయనిర్ణేతలు దాన్ని మౌన నిరసన అన్నారు. మళ్లీ మొదటి బహుమతే.

చిక్కంతా అమ్మవారి జాతరకు వచ్చింది. అమ్మవారికి నాటకాలు చూసే అలవాటు లేదు. కాలనీకి మనిషిని పంపితే, “వచ్చినట్టే అనుకోమను” అని చిన్నరంగప్పే జవాబు చెప్పాడట. ఊరంతా గుడి ముందు చేరి నా ముఖం చూసింది. నేను తలూపాను. తప్పెట మోగినట్టే అనుకుని హారతి పట్టాం. అమ్మవారు కదిలినట్టే అనుకుని పల్లకి ఎత్తాం. జాతర బాగా జరిగినట్టే అనుకుని ఇళ్లకు వచ్చాం. ఊరు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు నా ఇంటి ముందర బండ ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోరు. రెండు ఫలకాలు టీవీకి అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. పావగడ కాలేజీవాళ్లు ఆ ప్లైవుడ్ గడపను కూడా మాకే బహూకరించారు. దాన్ని కొట్టంలో పెట్టాను. దాని మీదుగా కోళ్లు, పిల్లులు, కాలనీ కుక్కలు నిరభ్యంతరంగా అటూ ఇటూ దాటుతున్నాయి.

ఇంతదూరం చదివారు కదా, నన్ను చూసి మీకు నవ్వొచ్చి ఉంటుంది. ఆ తర్వాత మీ ఇంటి గడప గుర్తొచ్చి, కాస్త సిగ్గు కూడా వేసి ఉంటుంది.

వేసినట్టే అనుకుంటున్నాను.