ఎనిమిది రిలేల రహస్యం

"ఆలేరులో నేరం చేసి నా కళ్లు కప్పినవాడు ఇంతవరకు పుట్టలేదు" అని డిటెక్టివ్ బాలస్వామి అద్దంలో తనకు తానే ప్రకటించుకున్నాడు.

"పుట్టనీకి ఈడ నేరం ఎవలు జేసిన్రు?" అంది పొయ్యి దగ్గర్నుంచి భార్య అండాలు. "పోయినేడు మన కోడి పోతే మూడు దినాలు దేవులాడితివి. పక్కింటోళ్లు పంపిన కూర కడుపునిండ తిన్నంక గదా, అది మన కోడేనని నీకు సమజైంది."

నిజం చెప్పాలంటే బాలస్వామిది స్టేషన్ రోడ్డులో సైకిళ్లు కిరాయికిచ్చే కొట్టు. అక్కడ కూర్చుని డిటెక్టివ్ పుస్తకాలు చదివీ చదివీ, పరిశోధనలో ఉన్నంతసేపు ఆ పుస్తకాల భాషే మాట్లాడేవాడు. భయమేస్తే మాత్రం ఇంటి భాష దానంతటదే తన్నుకొచ్చేది.

ఆ పొద్దున రేడియో మెకానిక్ వహీద్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అన్నా, నా కొంప మునుగుతాంది. మంచంల కూసొని మీట నొక్కితే లైట్లకాడికెళ్లి బోరు మోటారుదాంక నడిచేటట్టు ఇంట్ల రిలేలు వెట్టిన. ముందటర్రల ఒక బోర్డు, ఎనుక వసారల ఒకటి, నడిమిట్ల వాకిట్లకెళ్లి వైరు గుంజిన. నేను ఇంట్లున్నప్పుడు బుద్ధిగుంటయి. పొద్దుగాల దుకాణం కాడికి పోంగనే అవే వెలుగుతయి, అవే మోగుతయి. మా ఇంటామె జాహేదా షైతాను అంటాంది."

"భయపడకు మిత్రమా."

"భయం గాదన్నా. ఇయ్యాల మిల్లు మారయ్య సేటు సూడనీకి వస్తుండు. నచ్చితే బంగ్లకంత నన్నే వెట్టమంటడు. లేకుంటే అన్నీ పీకేసి మా బామ్మర్ది గాజుల దుకాణంల కూసుంట."

"రిలేలన్నావు కదూ?" బాలస్వామి కళ్లు చికిలించాడు. "అర్థమైంది. మండలాఫీసు ముందు టెంటు. పూటకో జట్టు. దీని వెనుక రాజకీయ హస్తం ఉంది."

"గది రిలే నిరాహార దీక్ష అన్నా. గిది అగ్గిపెట్టెంత డబ్బా. సన్న కరెంటు అందితే టక్కుమని పెద్ద కరెంటును కలుపుతది."

"మొత్తం ఎన్ని?"

"బోర్డుకు నాలుగు, ఎనిమిది."

"జట్టుకు నలుగురు. నేను చెప్పలేదూ?"

వహీద్ ఇంటి నడిమి వాకిట్లో అతని తల్లి లాల్ బీ బట్టలు ఉతుకుతోంది. ఆమెకు కొంచెం చెవుడు. బాలస్వామి వంగి అడిగాడు. "అమ్మా, ఇక్కడ ఎవరి జాడైనా కనిపించిందా?"

"జాడించుడు అయింది బేటా. ఆరేసుడే ఉన్నది."

ఈవిడ వల్ల ఉపయోగం లేదని బాలస్వామి తేల్చేశాడు. వహీద్ సేటును తీసుకురావడానికి వెళ్లాడు. నేరస్థుడి కోసం మాటు వేయాలి గనుక డిటెక్టివ్ వాకిట్లోని ఖాళీ నీళ్ల హౌజులో దిగి, గొంతుక్కూర్చున్నాడు.

పది నిమిషాలు గడిచాయి. వసారాలో టక్కుమంది. నెత్తి మీది పైపు రెండుసార్లు దగ్గి, బోరు నీళ్లు భళ్లున కక్కింది.

"సచ్చిన్నో! నన్ను ముంచి సంపుతున్నరు!" అంటూ బాలస్వామి బయటికి దూకాడు.

వాకిట్లో ఎవరూ లేరు. లాల్ బీ ఒక దుప్పటి ఆరేసి, మిగతా బట్టల కోసం లోపలికి పోయినట్టుంది. వణుకుతూ లుంగీ విప్పి పిండుకున్నాడు. చారల నిక్కరుతోనే నిలబడి, లుంగీని ఆ దుప్పటి పక్కనే వేశాడు.

టక్. టక్. టక్.

పట్టపగలు ఇల్లంతా లైట్లు వెలిగాయి. గంట ఆగకుండా మోగింది. పత్తికి పురుగుమందు ఎలా కొట్టాలో రేడియో గొంతు చించుకుని చెప్పసాగింది. జాహేదా కేక పెట్టి వంటింట్లోంచి బయటపడింది. సరిగ్గా అప్పుడే వహీద్, అతని వెనుకే తెల్లధోవతిలో మారయ్య సేటు వాకిట్లోకి వచ్చారు.

మానం కాపాడుకోవడానికి బాలస్వామి చటుక్కున లుంగీ లాక్కున్నాడు. మోటారు తప్ప అన్నీ ఆగిపోయాయి.

"మల్ల ఎయ్యి" అన్నాడు సేటు.

వేశాడు. మోగింది. తీశాడు. ఆగింది.

"గీ లుంగీ గూడ మిషిన్ల భాగమేనా?" అని సేటు నెమ్మదిగా అడిగాడు.

వహీద్ పరుగెత్తి వైరు పట్టుకు చూశాడు. అతుకుల దగ్గర టేపు ఊడిపోయింది. బరువు పడ్డప్పుడల్లా ఉత్త తీగలు ఒకదానికొకటి తాకుతున్నాయి. ఆ వైరులో పారేది బ్యాటరీ సన్న కరెంటే గనుక ఎవరికీ షాకు కొట్టలేదు.

"అమ్మీ, గీ వైరు మీద బట్టలేస్తున్నవా?" అన్నాడు గట్టిగా, బకెట్‌తో వచ్చిన తల్లితో.

"మరి? పాత దండెం తెగి నెల దాటె. నాలుగుసార్లు జెప్పిన నీకు. గింత గట్టిగ కడితివి, నా కోసమే అనుకున్న."

మీట నొక్కితే మోటారు నడిపే కొడుకు, తల్లి అడిగిన తాడు మరిచిపోయాడు. సిగ్గుతో తల వంచుకుని, సేటును అట్లాగే నిలబెట్టి లోపల్నుంచి తాడు తెచ్చి గోడ నుంచి గోడకు బిగించి, దుప్పటిని దాని మీదికి మార్చాడు. ఆ తర్వాతే అతుకులకు టేపు చుట్టాడు. మీట నొక్కితే లైటు వెలిగింది, మీట తీస్తే ఆరిపోయింది.

"సోమారం బంగ్లకు రా" అన్నాడు సేటు. "వైరు గుంజే ముందుగాల దండెం యాడ గావాల్నో మా ఇంటామెను అడుగు."

ఇంటికొచ్చిన బాలస్వామి పొడి లుంగీ కట్టుకుని కేసుల పుస్తకం తెరిచాడు. "దోషి, దండెం. మొదటి నుంచీ నా అనుమానం దాని మీదే" అని పైకి చదువుతూ రాశాడు.

తడి లుంగీని తలుపు మీద ఆరేస్తూ అండాలు అంది. "మన దండెం తెగి ఆర్నెల్లాయె. గది నీకు దొరకలే."

డిటెక్టివ్ పుస్తకం మూసి, దండెంగా కట్టడానికి పాత సైకిల్ ట్యూబు వెతకబోయాడు. సైకిల్ కొట్టులో అది దొరకడానికి మూడు దినాలు పట్టింది.