ఛైర్మన్ గారి పేరు పెట్టిన పురుగు

ఇంటా బయటా అందరూ పురుగుల మాస్టారని పిలిచే ఆ శాస్త్రవేత్త, ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ ఛైర్మన్ గారు వస్తారు, కొత్తగా దొరికిన పెంకుపురుగుకు తన పేరే పెట్టారని తెలిసి మురిసిపోతారు, ఆగిపోబోతున్న గ్రాంటు మళ్లీ ఇస్తారు. ఇవ్వకపోతే మాస్టారు పనిచేసుకునే గది క్యాంటీన్ వాళ్ల గ్యాస్ బండలకి పోతుంది. మాస్టారు ఏళ్ల తరబడి కళ్లు చిట్లించి చూసి, జాతులవారీగా విడదీసి సర్దిన పురుగుల సొరుగులన్నీ మెట్ల కిందికి చేరతాయి.

పేరు సలహా బావమరిదిది. పరిశోధనశాలలో ప్రచారం పని చూసేది అతనే. "పొగడ్తకి పడని పెద్దమనిషిని నేనింతవరకూ చూళ్లేదు బావగారూ, పెట్టేయండి" అన్నాడు. మాస్టారు పెట్టేశారు, శాస్త్ర పత్రికలో అచ్చు కూడా వేయించారు. ఆ పురుగు పేడపురుగన్న ముక్క మాత్రం అతనికి చెప్పలేదు. దాచాలని కాదు. మాస్టారి లెక్కలో పురుగులన్నిటిలోకీ గౌరవనీయమైనది అదే. లోకం అలా అనుకోదని ఆ పొద్దున భార్య చెప్పేదాకా తట్టలేదు.

"పేరు పెట్టడానికి మీకు వేరే పురుగే దొరకలేదా?" అందావిడ నెత్తి కొట్టుకుని. "సరే, అయిందేదో అయింది. అదేం తింటుందో మాత్రం చెప్పకండి."

ఛైర్మన్ గారు భార్యాసమేతంగా వచ్చారు. వెనకే కెమెరాతో బావమరిది, అతను పిలిపించిన విలేకరి. గాజు పెట్టెలో పురుగు నల్లగా నిగనిగలాడుతూ, గుండ్రటి ఉండనొకదాన్ని వెనక కాళ్లతో తోసుకుపోతోంది.

"ఇదేనా నా పేరుది! ఏం తింటుందేం?" అన్నారు ఛైర్మన్ గారు.

మాస్టారు భార్య మాట గుర్తుచేసుకున్నారు. "అంటే... మిగతావాళ్లు అక్కర్లేదని వదిలేసింది తింటుందండి."

"నాలాగే పొదుపరి! మరి ఆ తోసేదేమిటి?"

మాస్టారు నోరు తెరిచేలోపు బావమరిది అందుకున్నాడు. "చూడండి సార్, అచ్చం భూగోళం! బరువంతా ఒంటరిగా నెట్టుకొస్తోంది. మిమ్మల్ని చూసినట్టే ఉంది."

ఛైర్మన్ గారు ఛాతీ విరుచుకుని పక్కకి తిరిగారు. "విన్నావా?" అన్నారు భార్యతో. "ఇన్నేళ్లలో ఇంట్లో ఒక్కళ్లూ గుర్తించలేదు. చివరికి పురుగును చూసి గుర్తించాల్సి వచ్చింది." ఆ బొమ్మనే సంస్థ ముద్రగా పెడదామన్నారు. విలేకరి రాసుకున్నాడు. బావమరిది ఫొటోకి నిలబడమన్నాడు. మాస్టారు "అయ్యో, ముట్టుకోకండి" అంటూనే ఉన్నారు, ఛైర్మన్ గారు మూత తీసి ఆ ఉండను అరచేతిలో పెట్టుకున్నారు. ముక్కు దగ్గరికి తీసుకుని కళ్లు మూసుకున్నారు.

"మట్టి వాసన" అన్నారు గద్గదంగా.

ఆయన భార్య ఒకడుగు ముందుకేసి, రెండడుగులు వెనక్కి వేసింది. "మట్టి కాదండీ. పేడ."

బావమరిది కెమెరా అప్పటికే క్లిక్కుమంది.

సబ్బుతో మూడోసారి చేతులు కడుక్కుని వచ్చాక ఛైర్మన్ గారు మండిపడ్డారు. "నా పేరు పీకేయండి. ఇప్పుడే!"

"కుదరదండి. ఒకసారి అచ్చయ్యాక, పెట్టినవాడు కూడా తీయలేడు. ప్రపంచమంతా అదే నియమం."

"అయితే నేను పోయాక కూడా ఉంటుందా?"

"పురుగు పోయినా ఉంటుందండి" అన్నారు మాస్టారు, ధైర్యం చెబుతున్నాననుకుని.

"గ్రాంటు లేదు, ఏమీ లేదు. గది ఖాళీ చేయండి!"

మాస్టారు సొరుగులకేసి చూస్తూ కుర్చీలో కూలబడ్డారు. గుమ్మందాకా వెళ్లిన ఛైర్మన్ గారు ఆగి, విలేకరి వినకుండా గొంతు తగ్గించారు. "ఏ దారీ లేదా?"

"ఒకటుంది. ఇది కొత్త జాతి కాదు, వెనకటికి ఎవరో పేరు పెట్టిందే అని తేలితే, ఆ పాత పేరే నిలుస్తుంది. మీది పోతుంది."

"తేల్చండి మరి!"

"ఊరికే తేలదండి. దీని చుట్టాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. దేశదేశాల మ్యూజియాలు తిరగాలి. ఏళ్లు పడుతుంది. అందుకు గ్రాంటు..." అని మాస్టారు నసిగారు.

ఆ సాయంత్రానికే గ్రాంటు మంజూరైంది, అడిగినదానికి రెట్టింపు. మాస్టారి గది నిలవడమే కాదు, పక్క గది కూడా కలిసొచ్చింది. పురుగుల వర్గీకరణ మీద ఛైర్మన్ గారికున్న మక్కువను విలేకరి వేనోళ్ల పొగుడుతూ రాశాడు.

ఏటా గ్రాంటు పొడిగించే ముందు ఛైర్మన్ గారు స్వయంగా ఫోన్ చేసి "తేలిందా?" అని అడుగుతారు. శాస్త్రంలో తొందరపాటు పనికిరాదని మాస్టారు ఎంతో వినయంగా మనవి చేసుకుంటారు.