మల్లమ్మ కర్ర ఎత్తని ఆల్బమ్

రెండో ఆల్బమ్ బాగా చేసినవాళ్ళని అరెస్టు చేయాలి! బెయిలు కూడా ఇవ్వకూడదు.

కంగారు పడకండి, మతి ఉండే మాట్లాడుతున్నాను. ఏళ్ళ తరబడి ఫిల్మ్ నగర్ ఫంక్షన్లలో ముందు వరుసలో కూర్చుని, ఇచ్చిన బొకే పుచ్చుకుని, పెట్టిన పకోడీ తిని సంపాదించిన జ్ఞానం ఇది. మన పెద్దలు ద్వితీయ విఘ్నం అన్నారు. మొదటిది గట్టెక్కినా రెండోది తన్నేస్తుందని వాళ్ళ భయం. భయమెందుకండీ? అది వరం!

మీరే ఆలోచించండి. మొదటిది హిట్టయి, రెండోది కూడా హిట్టయితే ఎంతమంది పొట్ట కొట్టినట్టు? స్టూడియో గేటు ఈశాన్యంలో లేదని చెప్పే వాస్తు సిద్ధాంతి ఏం తిని బతకాలి? చేతికి పచ్చ రాయి పెట్టుకోమనే జ్యోతిష్కుడు ఏ గంగలో దూకాలి? "మేం ముందే చెప్పాం" అని థంబ్‌నెయిల్ సిద్ధం చేసుకున్న యూట్యూబ్ చానల్ ఏమైపోవాలి? ఓదార్చడానికని వచ్చి రెండు ప్లేట్ల బిర్యానీ లాగించి వెళ్ళే ఆప్తమిత్రుల సంగతేమిటి? జూబ్లీ హిల్స్‌లో సగం ఇళ్ళు జనాల రెండో ప్రయత్నాల మీదే లేచాయని నా నమ్మకం.

అందుకే 'కచ్చా రోడ్' బ్యాండు రెండో ఆల్బమ్ బోల్తా కొట్టిందని తెలియగానే నేను ఇంట్లో పాయసం చేయించాను.

'కచ్చా రోడ్' ఎవరంటారా? బోరబండ పిల్లలు. పాటలు రాసి, కీబోర్డు వాయిస్తూ పాడే అమ్మాయి పద్మప్రియ. డ్రమ్ములు కొట్టే కుర్రాడు బన్నీ. వీళ్ళది ప్రోగ్రెసివ్ రాక్. అదేమిటో తెలియనివారికి క్లుప్తంగా చెప్తాను. మామూలు పాటకి మనం తాళం వేస్తాం. ఈ పాటకి తాళం వేయబోతే అది ఈలోపే మారిపోయి ఉంటుంది. పల్లవి కోసం ఎదురుచూస్తూ మీరు అన్నం వండుకోవచ్చు, తినొచ్చు, గిన్నెలు కూడా తోముకోవచ్చు. అయినా వినడం ఆపలేరు. అదీ దాని మాయ.

వీళ్ళ మొదటి ఆల్బమ్ పేరు 'నీళ్ళొచ్చే టైం'. బోరబండ గుట్ట మీద నల్లా వచ్చే వేళకి బిందెలు, డ్రమ్ములు, అరుపులు, పరుగులు ఎలా ఉంటాయో అంతా అందులో ఉంది. రైల్వే స్టేషన్ దగ్గర ఒక ఇంటి పైగదిలో, గోడలకి దుప్పట్లు కట్టుకుని రికార్డు చేశారు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు మల్లమ్మ.

మల్లమ్మకి సంగీతంతో పేచీ లేదు. ఆమెకి కావలసింది సాయంత్రం సీరియల్. సరిగ్గా ఆ వేళకే పైన బన్నీకి పూనకం వచ్చేది. మల్లమ్మ బూజుకర్ర తీసుకుని సీలింగుని నాలుగు బాదులు బాది, గొంతెత్తి అరిచేది.

"ఓ పోరగాండ్లూ! జర బంద్ జెయ్యుర్రి! కోడలేమన్నదో ఇనపడ్తలేదు!"

ఒకరోజు ఆ కర్ర దెబ్బలు, ఆ కేక రికార్డింగులో పడిపోయాయి. వాళ్ళు దాన్ని తీసేయలేదు. పైగా అక్కడ పాట ఆగి, ఆ దెబ్బల లయనే పట్టుకుని మళ్ళీ లేచింది. మొత్తం ఆల్బమ్‌లో వెంట్రుకలు నిక్కబొడుచుకునే చోటు అదే. ముంబయిలో ఒక విమర్శకుడు ఆ దెబ్బలని 'కింది అంతస్తు పై అంతస్తుకి వేసిన చారిత్రక ప్రశ్న' అని రాశాడు. మల్లమ్మ వేసిన ప్రశ్న కోడలేమన్నదని మాత్రమే. ఏ ఊళ్ళో వాయించినా ఆ చోటు రాగానే కుర్రకారంతా కాళ్ళతో నేల బాది "బంద్ జెయ్యుర్రి!" అని అరిచేవాళ్ళు. అవార్డులు వచ్చాయి. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. ఆ వెనకాలే జూబ్లీ హిల్స్ నుంచి కారు కూడా వచ్చింది.

ఆ కారు చలపతిరావుగారిది. పెద్ద నిర్మాత, దయగల మనిషి. ఎవరికి హిట్టొచ్చినా చూస్తూ ఊరుకోలేరు.

"ఏంటమ్మా ఈ దుప్పట్లు, ఈ ఇరుకు గది? ఇంతలోనే ఇంత చేస్తే, సౌకర్యాలుంటే ఇంకెంత చేస్తారు! మనం పాన్ వరల్డ్ వెళ్తున్నాం," అన్నారు పద్మప్రియతో.

ఈ తర్కంలో తప్పేముంది చెప్పండి? చింతచెట్టు కింద కూర్చుని అంత బాగా పాడినవాడు ఏసీలో కూర్చుంటే ఇంకెంత బాగా పాడాలి!

ముహూర్తం పెట్టారు. ఆల్బమ్‌కి క్లాప్ కొట్టారు. ఎవరో కెమెరా స్విచాన్ చేశారు. అక్కడ కెమెరా ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలన్న చర్చ వచ్చి, గట్టిగా ఉందని బన్నీ డ్రమ్ము వైపు నడిచారు. అతను డ్రమ్ము మీద బోర్లా పడుకుని దాన్ని కాపాడుకున్నాడు. తర్వాత మ్యూజిక్ సిట్టింగులు మొదలయ్యాయి. మన పరిశ్రమలో సిట్టింగ్ అంటే, చేసేవాడు ఒకడు కూర్చుని చేయనివాళ్ళు పదిమంది చెప్పేది వినడం. కీబోర్డుకి ఎలివేషన్ లేదన్నారు ఒకరు. మదర్ సెంటిమెంట్ కలపమన్నారు ఇంకొకరు. సంస్కృతంలో కోరస్ లేకపోతే ఉత్తరాదిలో పలకదని తేల్చారు. తాళం మాటిమాటికీ మారుతోంది, రీల్స్ చేసుకునేవాళ్ళకి కష్టం, ఒకటే ఉంచమన్నారు. 'విశ్వగర్భం, చాప్టర్ వన్' అని పేరు పెట్టారు. నల్లా నుంచి నేరుగా నక్షత్రాలకి! ఇంతకన్నా అభివృద్ధి ఏముంటుంది?

అన్నీ కుదిరాక చలపతిరావుగారికి ఒక వెలితి కనిపించింది. మొదటి దాంట్లో తిట్టు హిట్టయింది కదా, సెంటిమెంటుగా ఇందులోనూ ఒక తిట్టు పడాలి!

మల్లమ్మ కోసం కారు పంపారు. ఫిల్మ్ నగర్ స్టూడియోలో మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చి, చేతిలో కొత్త బూజుకర్ర పెట్టి, మైకు ముందుకి తెచ్చి, "ఇప్పుడు తిట్టండమ్మా," అన్నారు.

మల్లమ్మ అటూ ఇటూ చూసింది. చుట్టూ అద్దాలు, మెత్తలు. చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు.

"గింత మంచిగ చాయ్ వోసి, సల్లగ కూసోబెట్టి తిట్టుమంటే ఎట్ల తిట్టాలె సారూ? నాకు కోపమొస్తలేదు," అంది.

రకరకాలుగా ప్రయత్నించారు. ఆమెకి కోపం రాలేదు, పైగా నిద్ర వచ్చింది. ఆమెని సగౌరవంగా ఇంటి దగ్గర దించేసి, ఒక డబ్బింగ్ ఆర్టిస్టుని పిలిపించారు. మంచి అనుభవమున్న గొంతు, గోదావరి జిల్లా మనిషి. మొదటి టేకులో "ఆపండర్రా మీ గోల!" అంది. అది కాదని 'బంద్ జెయ్యుర్రి' నేర్పించారు. తర్వాత సౌండ్ ఇంజినీరు, "కొంచెం ప్రేమగా తిట్టండి మేడమ్, ఫ్యామిలీ ఆడియన్స్ ఉంటారు," అన్నాడు. ఆమె చాలా ప్రేమగా తిట్టింది. కర్ర దెబ్బలు కంప్యూటర్లోంచి తీసుకున్నారు.

పద్మప్రియ అడ్డు చెప్పలేదా అని మీరు అడుగుతారు. చెప్పింది. కానీ చుట్టూ ఉన్న పదిమంది, అంత అనుభవమున్నవాళ్ళు, "అద్దిరిపోయిందమ్మా!" అంటుంటే పాతికేళ్ళ పిల్ల ఎంతసేపని తన చెవిని నమ్ముకుంటుంది?

ఆల్బమ్ విడుదలకి ముందు జూబ్లీ హిల్స్‌లో ఒక రెస్టారెంట్ మేడ మీద పెద్దలకి వినిపించారు. నేనూ ఉన్నాను. అయిపోయాక పద్మప్రియ మెట్ల దగ్గర నిలబడి, దిగే ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగింది. "ఎట్లున్నది సార్? నిజం చెప్పుర్రి."

పాపం, ఆ అమ్మాయికి మా భాష కొత్త. ఫిల్మ్ నగర్‌లో "డిఫరెంట్‌గా ఉంది" అంటే నిద్రపోయానని అర్థం. "టెక్నికల్‌గా హై స్టాండర్డ్స్" అంటే తిండి బాగుందని. "చాలా చాలా బాగుంది, తర్వాత ఫోన్ చేస్తా" అంటే ఈ జన్మకి ఇక మాట్లాడుకోబోమని. ఆ రోజు ఆమెకి ఈ మూడు మాటలే వినిపించాయి. నాలుగో మాట చెప్పిన మొనగాడు లేడు. కారు తలుపు వేసుకున్నాక మాత్రం అందరూ నిజాలే మాట్లాడుకున్నారని డ్రైవర్ల భోగట్టా.

బయట జనానికి మాత్రం మర్యాద తెలియదు కదా! వాళ్ళు కర్ర దెబ్బల దాకా ఆశగా విని, ఆ ప్రేమ తిట్టు రాగానే పక్కున నవ్వి, ఫోను జేబులో పెట్టుకున్నారు. ఆల్బమ్ అక్కడితో సరి.

మరి మనం ఏం చేశాం? మర్నాడే సక్సెస్ మీట్ పెట్టాం! ఫ్లాపయినదానికి సక్సెస్ మీట్ ఏమిటని నవ్వకండి. పెళ్ళయిందని భోజనాలు పెడతాం, పోయారని భోజనాలు పెడతాం. ఇదీ అంతే. ఫిల్మ్ నగర్‌లో హాలు, పూలు, కేకు, వెనకాల 'మైండ్ బ్లోయింగ్ రెస్పాన్స్' అని బ్యానరు. వచ్చినవాళ్ళంతా మైకు పుచ్చుకుని పద్మప్రియని ఆకాశానికెత్తారు. చలపతిరావుగారు 'చాప్టర్ టూ' ప్రకటించి, ఆ అమ్మాయి చేత అదే వేదిక మీద సంతకం పెట్టించడానికి పెన్ను కూడా తెచ్చారు. బ్యాండుకి జూబ్లీ హిల్స్‌లోనే సొంత స్టూడియో, మళ్ళీ బోరబండ మొహం చూడక్కర్లేదు.

పద్మప్రియ కుర్చీ అంచున కూర్చుని బన్నీతో మెల్లగా అనడం ముందు వరుసలో ఉన్న నాకు వినిపించింది.

"ఇంతమంది అబద్ధం చెప్తరారా? నాకే సమజ్ అయితలేదేమో."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా నోట్లో పకోడీ చేదెక్కింది. ఆ పిల్ల అప్పటికే సగం నమ్మేసింది. ఇంకో ఇద్దరు మాట్లాడితే మొత్తం నమ్మేసేది, సంతకం పెట్టేసేది.

కానీ మాట్లాడడానికి పిలిచింది మల్లమ్మని. 'మా తొలి శ్రోత' అని శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. పద్మప్రియ లేచి ఆమె దగ్గరికొచ్చింది.

"పెద్దమ్మా, ఇన్నవా? ఎట్లున్నది?"

"ఇన్న బిడ్డా. మస్తు మంచిగున్నది," అంది మల్లమ్మ మనస్ఫూర్తిగా. "మా సీరియల్ పాట లెక్కనే ఉన్నది. పెట్టుకొని కండ్లు మూసిన, మంచిగ నిద్ర వట్టింది. ఒక్కసారన్న కర్ర పట్టలె!"

హాలంతా చప్పట్లు. "విన్నారా? మాస్‌కి ఎక్కేసింది!" అని చలపతిరావుగారు పెన్ను మూత తీశారు.

పద్మప్రియ చప్పట్లు కొట్టలేదు. ఆమె మొహం ఒక్కసారి వాడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత, చాలాకాలంగా అడిగినదానికి ఎవరో జవాబు చెప్పినట్టు, తల ఊపింది.

"పెద్దమ్మా, పైన రూము ఎవరికన్న ఇచ్చినవా?"

"లేదు బిడ్డా, ఖాళీగనే ఉన్నది. గని సీరియల్ టైంల మాత్రం..."

"తెలుసు పెద్దమ్మా."

ఆ అమ్మాయి పెన్నుకి నమస్కారం పెట్టి వేదిక దిగింది. బన్నీ ఆమె వెనకే. కేకు కోయడానికి ఎవరూ లేక చివరికి మేమే కోసుకున్నాం. బాగానే ఉంది.

ఇప్పుడు ఒప్పుకుంటారా, ఫ్లాపు వరమని? ఆల్బమ్ ఆడి ఉంటే ఆ పిల్ల చాప్టర్ టూ, త్రీ, ఫోర్ తీసుకుంటూ మా అందరి పొగడ్తల్లోనే ముసలిదయిపోయేది. ఇక నా విన్నపం ఒకటుంది. మన పరిశ్రమకి అన్నీ ఉన్నాయి. స్టూడియోలున్నాయి, శాలువాలున్నాయి, దేవుడి దయవల్ల చప్పట్లకీ కరువు లేదు. "ఆపరా నాయనా, బాగోలేదు" అని మొహం మీద చెప్పే మనిషి ఒక్కరూ లేరు. ఆ లోటు తీర్చడానికి ఫిల్మ్ నగర్‌లో మల్లమ్మకి ఒక ఇల్లు ఇప్పించాలి. ఆమె చేయవలసిన పనేమీ లేదు. సీరియల్ చూసుకుంటూ, కర్ర పక్కన పెట్టుకుని, మన మధ్య ఉంటే చాలు.

ఈ ప్రతిపాదనతో మొన్న సాయంత్రం నేనే బోరబండ వెళ్ళాను. మల్లమ్మ టీవీ ముందుంది. నేను కూర్చున్నానో లేదో పైన డ్రమ్ములు మొదలయ్యాయి. ఏ తాళమో నాకు అంతుపట్టలేదు. అంతుపట్టేలోపు మారిపోయింది. మల్లమ్మ కర్ర తీసి సీలింగుని బాది, సీరియల్లో కోడలి మాట కోసం కేక పెట్టింది. పైన ఒక్క క్షణం ఆగి, ఎవరో పకపకా నవ్వి, ఆ దెబ్బల మీదుగానే మళ్ళీ అందుకున్నారు. నా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

అప్పుడు అడిగాను, ఫిల్మ్ నగర్‌లో ఇల్లిస్తే వస్తావా అమ్మా అని.

"నేనొచ్చి ఏం జెయ్యాలె సారూ?" అంది మల్లమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండా. "గాడ గోడలు మందముంటయ్. లోపల ఎవలేం జేసినా బయటికి ఇనపడది. నాకు కోపమెట్లొస్తది?"